తొమ్మిదిన్నరకే పోయింది

“ముసలమ్మ పోయింది సార్జెంట్!”

సార్జెంట్ నోయెల్ హాగర్టీ మెట్టు మీదే ఆగి నోటుబుక్కు తీశాడు. “అయ్యో. ఎవరు? ఎప్పుడు?”

“మనిషి కాదండీ, ఫొటో! మేం ఫొటోల్ని అలాగే పిలుచుకుంటాం. ముసలమ్మ, కుక్క, ఖాళీ కుర్చీ…”

హాగర్టీ నోటుబుక్కు మూసి నిట్టూర్చాడు. గురువారం, మధ్యాహ్నం ఒకటీ ఇరవై. ఎండ నలభై ఒక డిగ్రీలు. ఆస్ట్రేలియా ఎడారి నడుమనున్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో అతనికిది ముప్ఫయ్యో వేసవి. ఆ రోజుకిది మూడో ఫిర్యాదు. మోకాళ్లు సలుపుతున్నాయి.

ఎదురుగా ఉన్నది ఎడిటర్ డెస్మండ్ రడ్జ్. మెల్‌బోర్న్ నుంచి వచ్చి ఆరు నెలలు కాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఇతనూ అంతే, నిద్రాహారాలు మానేసి ఫొటోల పత్రిక నడుపుతున్నాడు.

మూడు నెలలకో సంచిక. సంచికకో అంశం. ఈసారిది ‘ఎదురుచూపు’. ఫిల్ము మీద తీసిన ఫొటోలే తీసుకుంటారు. ప్రింటు, నెగటివ్, ఫొటోలో ఉన్న మనిషి సంతకం పెట్టిన అంగీకార పత్రం, మూడూ కలిపి పంపాలి. కంప్యూటర్లో కాపీ ఉండదు. అదే తమ గొప్ప అని డెస్మండ్ ఇప్పుడు కూడా చెప్పాడు.

పోయిన ఫొటో ముఖచిత్రానికి జడ్జీలు ఎంపిక చేసినది. డయాలసిస్ క్లినిక్ బయట బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న ఒక ముసలావిడ. నాలుగింటికల్లా అన్నీ అడిలైడ్ ప్రెస్సుకు వెళ్లిపోవాలి.

“చివరిసారి ఎప్పుడు చూశారు?”

“పన్నెండున్నరకి. సొరుగులో పెట్టి భోజనానికి వెళ్లాను. ఒకటీ ఐదుకి వచ్చి చూస్తే ప్రింటూ లేదు, నెగటివూ లేదు. అంగీకార పత్రం ఒక్కటే మిగిలింది.”

“తాళం?”

“వెయ్యలేదు.”

“మధ్యలో ఎవరొచ్చారు?”

“క్లైవ్, మాకు ఫొటోలు పంపే ఆయన. పన్నెండూ నలభైకి. ముసలమ్మ లేకపోతే ముఖచిత్రం ఆయన తీసిన కుక్క ఫొటోదే. ఇంకెవరికండీ లాభం?”

కబురు పెడితే క్లైవ్ పది నిమిషాల్లో వచ్చాడు. చెమటతో తడిసిపోయిన పెద్దమనిషి. వస్తూనే విరుచుకుపడ్డాడు.

“నోయెల్, పన్నెండేళ్లుగా ఈ పత్రికకి ఫొటోలు పంపుతున్నాను. ఒక్కసారీ ముఖచిత్రం ఇవ్వలేదు. ఇప్పుడు దొంగతనం చేసి వేయించుకుంటానా? నాకు లేకపోయినా నా కుక్కకి పరువుంది!”

“మరెందుకొచ్చావు?”

“కాసిని మంచినీళ్లు తాగి పోదామని. కావాలంటే కౌంటర్ దగ్గరున్న కుమంజాయిని అడుగు.”

హాగర్టీ తలెత్తాడు. “ఏమన్నావు?”

డెస్మండ్ అందుకున్నాడు. “మా రిసెప్షనిస్టు. పొద్దున్నించి కొరియరతను కూడా అలాగే పిలుస్తున్నాడు. ఏదో ముద్దుపేరై ఉంటుంది.”

హాగర్టీ కౌంటర్ వైపు చూశాడు. ముప్ఫయ్యేళ్ల ఆదివాసీ స్త్రీ. తల ఎత్తడం లేదు. చొక్కా జేబు మీద రెండు పిన్ను రంధ్రాలు. పేరు బ్యాడ్జీ లేదు. గోడ మీది డ్యూటీ పట్టికలో ఒక పేరు మీద తెల్ల కాగితం అంటించి ఉంది.

డెస్మండ్ గొంతు తగ్గించాడు. “నిజం చెప్పాలంటే నాకు ఆమె మీద కూడా అనుమానమే. తొమ్మిదిన్నరకి ‘ముసలమ్మని పట్రా’ అన్నాను. ‘ముసలమ్మ పోయింది బాస్’ అంది. సొరుగు లాగి చూస్తే ఎదురుగానే ఉంది! నవ్వేశాను. ఇప్పుడు నిజంగానే పోయింది. పోకముందే పోయిందని ఎలా తెలుసు? కేసు రాయండి. ఉద్యోగం సంగతి నేను చూస్తాను.”

“ఆ అంగీకార పత్రం ఇలా ఇవ్వండి.”

హాగర్టీ అందులోని పేరు చదివాడు. ఆ పేరు నేనిక్కడ రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.

“మీ రిసెప్షనిస్టు పేరేమిటి?”

డెస్మండ్ గట్టిగా చెప్పాడు. అదే పేరు. కౌంటర్ దగ్గర ఆమె చెవులు మూసుకుంది.

హాగర్టీ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. ముప్ఫయ్యేళ్లలో ఈ మాటలు ఎన్నిసార్లు చెప్పాడో అతనికే గుర్తు లేదు.

“ఈ కాగితం చదివారా?”

“సంతకం ఉందో లేదో చూశాను.”

“చదవాల్సింది. ఇక్కడి ఆదివాసుల్లో ఒక మనిషి చనిపోతే ఆ పేరు పలకరు. కొన్నాళ్లు కావచ్చు, కొన్నేళ్లు కావచ్చు. అదే పేరుతో బతికున్నవాళ్లని కూడా కుమంజాయి అనే పిలుస్తారు. పోయినవాళ్ల ఫొటో నలుగురికీ చూపించరు. నిన్నటిదాకా ఈమెకి పేరుంది, ఇవాళ లేదు. అంటే ఆ పేరున్న మనిషెవరో పోయారు. ఎవరో ఈ కాగితమే చెబుతోంది. తొమ్మిదిన్నరకి ఆమె చెప్పింది ఫొటో సంగతి కాదయ్యా, మనిషి సంగతి.”

డెస్మండ్ ఆ కాగితం అందుకుని ఇప్పుడు చదివాడు.

ఆమె లేచి వచ్చింది. సంచిలోంచి ప్రింటూ నెగటివూ తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. “నేనే తీశాను.”

“ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే…”

“రెండుసార్లు చెప్పాను బాస్. ముసలమ్మ పోయిందంటే సొరుగులో వెతికారు. పదకొండింటికి వచ్చి ఈ ఫొటో వద్దంటే, ‘జడ్జీలకు నచ్చింది, నీకు నచ్చకపోతే ఏం?’ అన్నారు. పేరు పలకలేను. ఇంకెలా చెప్పను? మా చిన్నమ్మమ్మ. నన్ను పెంచింది. తెల్లవారుజామున క్లినిక్‌లోనే పోయింది.” బోర్లా ఉన్న ఫొటో మీద అరచెయ్యి పెట్టింది. “రేపు ఊరంతా బల్లల మీద ఆ ముఖం ఉంటే, మా వాళ్లు కళ్లు ఎక్కడ పెట్టుకోవాలి?”

హాగర్టీ నోటుబుక్కు తెరిచాడు. “కేసు రాయమంటారా?” అన్నాడు ఎడిటర్‌తో.

“వద్దు,” అన్నాడు డెస్మండ్. మొహం కందిపోయి ఉంది.

క్లైవ్ టోపీ నలుపుతూ గొణిగాడు. “వేస్తే నా కుక్కని వెయ్యి. ఇలా గెలవడం మాత్రం నాకేం బాగాలేదు.”

డెస్మండ్ ప్రింటుని తిప్పకుండానే ఆమె వైపు జరిపాడు. “నువ్వే తీసుకెళ్లు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. “ఇంట్లో ఉండకూడదు. మీరే దాచండి. చించొద్దు. మా వాళ్లు ఇక చూడొచ్చనుకున్నప్పుడు అడుగుతారు.”

“ఎప్పుడు?”

“తెలీదు బాస్.”

డెస్మండ్ రెండూ కవర్లో పెట్టి అంటించాడు. పెన్ను తీసి, అలవాటు కొద్దీ పైన పేరు రాయబోయి ఆగాడు.

“దీని మీద ఏం రాయను?” అని ఆమెనడిగాడు. ఈసారి ఆమె చెప్పేదాకా నిలబడ్డాడు.