జెండా లేనిదే తుపాకీ పేలదు

స్టోర్ కీపర్ పరుగెడుతోంది.

చంకలో ఎర్ర జెండా. వెనక సార్జెంట్ బూట్ల చప్పుడు.

"మేడమ్, ఆగండి. మర్యాదగా అడుగుతున్నా... జెండా ఇచ్చేయండి."

ఆగితే అంతే సంగతులు!

ఈ రిజర్వు సైనిక శిబిరంలో ఎప్పటినుంచో ఒకటే రూలు. ఫైరింగ్ రేంజ్ మీద ఎర్ర జెండా ఎగరందే ఒక్క తూటా పేలకూడదు. జెండా ఉండేది ఆమె స్టోర్‌లో. ఎవరైనా సంతకం పెట్టే తీసుకెళ్లాలి.

ఇవాళ సంతకం లేకుండా ఆమే ఎత్తుకొచ్చేసింది.

మరేం చేస్తుంది?

శిబిరం బాగుకని ప్రభుత్వం నిధులిచ్చింది. తూటాలను ఆపే గోడ కొత్తగా కట్టేశానన్నాడు కాంట్రాక్టర్. పోయిన నెల ఆమె ఇనుప చువ్వతో పొడిచి చూసింది. పాత గోడకే పైపూత... చువ్వ అవతలికి వచ్చేసింది!

గోడ అవతల కొత్త బ్యారక్ కడుతున్నారు. అక్కడి తాపీ మేస్త్రి ఆమె తమ్ముడు.

కమాండర్‌కి చెప్పింది. "రాసివ్వండమ్మా" అన్నాడు. రాసిచ్చింది. మూడుసార్లు. మూడుసార్లూ "చూశాను" అని సంతకం పెట్టి పక్కన పడేశాడు. తలచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండిపోతోంది. గోడకి తల బాదుకుందామన్నా ఆ గోడ ఆగేలా లేదు.

ఎనిమిదింటికి కొత్త గోడ ప్రారంభోత్సవ ఫైరింగ్. తొమ్మిదింటికి ఆ గోడను చూడ్డానికి తనిఖీ బృందం.

గంటసేపు ఆపితే చాలు.

వాటర్ ట్యాంక్ మెట్లెక్కేసింది. పై మెట్టు మీద కూలబడింది. ఇక ఎక్కడానికి చోటు లేదు.

సార్జెంట్ కింద ఆగాడు. రొప్పుతున్నాడు.

"గోడ ఉత్త డొల్ల సార్జెంట్ గారూ. మీకూ తెలుసు."

"నాకు తెలిసి ఏం లాభం మేడమ్? నా మాట ఎవడు వింటాడు?"

అతని చేతిలో వాకీటాకీ గరగరలాడింది. విన్నాడు. చిరాగ్గా తల విదిలించాడు.

"అనవసరంగా పరిగెత్తించారు. జెండా అక్కర్లేదంట. కొత్తగా రెడ్ లైట్ పెట్టారుగా... అది వెలిగితే చాలంట."

ఆమె రెయిలింగ్ పట్టుకుని కిందికి వంగింది.

"ఆ లైటు గోడ అవతలికి కనిపిస్తుందా?"

"అటువైపు వైరింగ్ ఇంకా..."

గోడవైపు తిరిగి చూశాడు.

ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా, ఇవాళ జెండా లేదుగా, ఫైరింగ్ లేదని పని మొదలెట్టేశాం. ఆ గోడ పక్కనే ఉన్నా. మధ్యాహ్నం అన్నానికి నీ దగ్గరికే వస్తా..."

"ఒరేయ్, అక్కణ్ణుంచి వెళ్లిపో. అందర్నీ తీసుకుని వెళ్లిపో."

"ఏంటక్కా? కాంక్రీట్ మిక్సర్ మోతలో ఏం వినపడట్లేదు."

కింద సార్జెంట్ వాకీటాకీలో అరుస్తున్నాడు. "ఫైరింగ్ ఆపండి... గోడ వెనక మనుషులున్నారు... ఆపండి." అటునుంచి కమాండర్ ప్రసంగం, మైకు హోరు, చప్పట్లు.

ఆమె జెండా విప్పింది. రెయిలింగ్ మీదికి ఎక్కి రెండు చేతులా ఊపుతోంది. వెధవ జెండా... తనే ఎత్తుకొచ్చింది, తన చేతులతోనే!

రేంజ్‌లో ఎర్ర లైటు వెలిగింది. షూటర్లు లైటునే చూస్తున్నారు. ఇటు ఒక్కడూ తల తిప్పడు.

"అక్కా, ట్యాంక్ మీద ఎవరో జెండా ఊపుతున్నారు. నువ్వేనా?"

"నేనేరా. కింద పడుకో."

"ఏంటి?"

ఢాం!

ఫోన్‌లో మిక్సర్ తిరుగుతున్న చప్పుడు.

తమ్ముడే మాట్లాడటం లేదు.