గుమ్మంలో ఓబులయ్య

ప్రొద్దుటూరులో డిటెక్టివ్ ఆదినారాయణ ఆఫీసు తలుపు తెరవగానే సంజీవమ్మ లోపలికొచ్చింది. సింహాద్రిపురం నుంచి తొలి బస్సుకే బయలుదేరినట్టుంది. సహాయకుడు యూనుస్ ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా, గ్లాసును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"నా కొడుకు చెన్నకేశవ మా అన్నను సంపేస్తాడప్పా. ఈ పొద్దో రేపో."

ఆమె ఒక ఫోటో ఇచ్చింది. ఫ్యాక్షన్ రోజుల్లో జమ్మలమడుగు పార్టీ సభలో ఆమె భర్తను ప్రత్యర్థులు నరికేశారు. అంతకు కాసేపటి ముందు తీసిన ఫోటో అది. స్టూడియో చిన్నసుబ్బయ్య తన పాత పెద్ద నెగటివ్‌లను డిజిటల్ కెమెరాతో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడని విని, చెన్నకేశవ అడిగి తెచ్చుకున్నాడు. అందులో తండ్రి వెనక, చీకటి గుమ్మంలో, మేనమామ ఓబులయ్య ఉన్నాడు.

"మా అన్న ఆ పొద్దు పులివెందులలోనే ఉన్న్యాడు. ఫోటోలో ఉన్న్యాడు గాబట్టి మామే పట్టిచ్చినాడంటాడు, ఎంత చెప్పినా వీడు ఇనడంల్యా."

ఆదినారాయణ ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. "యూనుస్, చూడు. వెనకున్నాయన మొహం మీద ఫ్లాష్ వెలుగుంది. ముందున్నాయన మీద లేదు. ఇంకోటి, సభంతా వేదిక వైపు చూస్తోంది. ఈమె భర్త ఒక్కడే కెమెరా వైపు చూస్తున్నాడు."

యూనుస్ ఆశ్చర్యంగా తల ఊపాడు. ఆయన చెప్పేదాకా ఆ వెలుగు తన కంటికి కనపడలేదు.

మధ్యాహ్నానికి తల్లీకొడుకులనూ ఓబులయ్యనూ జమ్మలమడుగులో చిన్నసుబ్బయ్య స్టూడియోకు పిలిపించారు. బల్ల మీద లైటు పెట్టె, దాని పైన కిందికి చూస్తూ స్టాండుకు కెమెరా, పక్కనే దానికి కలిపిన కంప్యూటర్. చెన్నకేశవ చొక్కా కింద చెయ్యి పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఓబులయ్య వైపు చూడలేదు.

ఫ్లాష్ సంగతి అడిగితే చిన్నసుబ్బయ్య నవ్వాడు. "పాత కెమెరా సార్. రీలు తిప్పేది మరిచిపోతే ఒగదాని మింద ఒగటి పడతాది."

"అట్లయితే ఫిల్ము ఒకటే, అంచున అంకె కూడా ఒకటే ఉండాల." ఆదినారాయణ కంప్యూటర్‌లో అంచులు కత్తిరించని ఫోటో తెరిపించాడు. అంచున ఐదు మీద పదకొండు అడ్డంగా పడి ఉంది. "రెండు ఫిల్ములు పేర్చి, కింద లైటేసి తీశావు."

యూనుస్ కవర్లు వెదికి రెండు ఫిల్ములూ తెచ్చి లైటు మీద పేర్చాడు. రాత్రి పూట ఏదో పెళ్లిలో తీసిన పై ఫిల్మును ఎత్తేయగానే, తెర మీద ఓబులయ్య మాయమయ్యాడు. గుమ్మం చీకటిగా మిగిలింది.

"చిన్నసుబ్బయ్యా, చనిపోయినాయన్ని నీ కెమెరా వైపు తిప్పమన్నది ఎవరు?" అన్నాడు ఆదినారాయణ.

చిన్నసుబ్బయ్య లైటు పెట్టె ఆర్పేశాడు. "ఒగ ఫోటో అని ఆయప్పను నిలబెట్టమన్యారు ఆ నరికినోళ్లు, మనిషిని గుర్తుపట్టాలంట. కాదంటే నా బిడ్డల్ని సంపుతామన్యారు. ఈ పిల్లోడొచ్చి ఫోటో అడిగితే, నాయన నన్నే సూస్తాండేది కనిపెడతాడని, సూపు ఎనక్కి మళ్లాలని గుమ్మంలో ఓబులయ్యను పెట్టినా..."

చెన్నకేశవ కొడవలి తీశాడు. అందరికంటే ముందు ఓబులయ్యే కదిలాడు. చిన్నసుబ్బయ్యకు అడ్డంగా నిలబడ్డాడు.

"నన్ను నరకాలనే గదా తెచ్చినావు? ముందు నన్ను నరికి, ఆనేక వాని దగ్గరికి పో. లేదా, పోలీసుల్ని పిలువు."

చెన్నకేశవ కొడవలి కిందికి దించాడు. ఓబులయ్య మెల్లగా చెయ్యి చాచి, దాన్ని అందుకుని టవలులో చుట్టాడు.

"పొద్దన్నుంచి ఏమన్నా తిన్న్యావా?"

"లేదు మామా," అన్నాడు చెన్నకేశవ.