సీలింగులో ఆరో మూత

హెల్సింకీ విమానాశ్రయంలో పట్టుబడ్డ స్మగ్లింగు ముఠా మనిషి పొద్దుటినుంచీ నోరు విప్పలేదు. మధ్యాహ్నం మూడో కప్పు కాఫీ తాగాక విప్పాడు. రెండు ముక్కలు చెప్పి మళ్ళీ మూసుకున్నాడు. ఆ రెండు ముక్కలూ వచ్చి టౌనో రెకోలా నెత్తిన పడ్డాయి.

టౌనో అప్పుడు లాహ్తిలో తన ఆఫీసులో నిచ్చెన మీద ఉన్నాడు. చేతిలో తాపీ, జుట్టునిండా సున్నం. ఊళ్ళోవాళ్ళ దృష్టిలో అతను బాత్రూమ్ ఎగ్జాస్టులు డిజైన్ చేసే ముసలి ఇంజినీరు. అసలు ఉద్యోగం గూఢచారి విభాగంలో. చేరిన కొత్తలో ఈ డిజైనింగ్ వట్టి వేషం. ఏళ్ళు గడిచాక ఏది వేషమో, ఏది ఉద్యోగమో అతనికే తెలియడం మానేసింది. మోకాళ్ళు మాత్రం రెండింటికీ నొప్పెడుతున్నాయి.

ఫోన్ మోగింది.

"సున్నం ఉందా?" అంది అవతలి గొంతు. అది కోడ్.

"ఉంది, తడిసింది." అదీ కోడే. "చెప్పు తైమి. ఈ సున్నం గోల మార్చమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"నేను పెట్టింది కాదు సార్, నన్నంటారేంటి?" తైమి విభాగంలో కొత్తగా వచ్చిన ఆఫీసరు. "వాడు మాట్లాడాడు. సరస్సు పక్కన మన విల్లా లేదూ, దాని స్నానాల గది సీలింగులో ముఠావాళ్ళు ఒక చెవి పెట్టారట. విన్నదంతా దాచుకుంటుంది, బయటికి సిగ్నల్ ఇవ్వదు. అందుకే మనవాళ్ళ తనిఖీలో దొరకలేదు. నాలుగింటికి మాత్రం మొత్తం ఒక్క సెకనులో పంపేస్తుందట."

"సీలింగులో ఎక్కడ?"

"మీరు డిజైన్ చేసిన ఎగ్జాస్టు మూతలు ఆరు పోయినేడు ఒకేసారి బిగించారు కదా. అందులో ఒకటి మీది కాదు. అచ్చం మీదాని లాగే చేసి పెట్టారు. అది ఏ మూతో వాడికీ తెలీదు. అన్నీ ఒకే గొట్టం మీద ఉన్నాయి. ఏ మూత కదిపినా, ఫ్యాను ఆపినా గాలి ఒత్తిడి మారుతుంది. మారిందంటే నాలుగు దాకా కూడా ఆగదు, అప్పుడే పంపేస్తుంది."

టౌనో నిచ్చెన దిగాడు. "డైరెక్టరు అక్కడే కదా ఉన్నాడు?"

"ఉన్నారు. స్టాక్‌హోమ్ ఆయన కూడా," అంది తైమి. "పేరు పొద్దున్నే చెప్పేశారట సార్. ఆ గదిలోనే. కుళాయి తిప్పి మరీ చెప్పారట. కుళాయి శబ్దాన్ని వడకట్టడం ఈ రోజుల్లో ఎవరికైనా వచ్చు."

టౌనో తాపీని బల్ల మీద పడేశాడు.

ఆ పేరు ఓస్మో కెత్తులా. విభాగంలో అతన్ని కొరమీను అనేవారు. కోత్కా రేవులో ముఠా నడిపే ఓడల కంపెనీలో గుమాస్తా. మూడేళ్ళుగా ఏ ఓడలో ఏం దాచి పంపిస్తున్నారో టౌనో చెవిన వేస్తున్నాడు. అతన్ని ఈ పనిలోకి దింపింది టౌనోయే. ఒక్క ఏడాది చాలన్నాడు, తర్వాత ఇంకొక్క ఏడాది అన్నాడు. ఓస్మో నవ్వుతూనే ఒప్పుకున్నాడు, అతని భార్య మాత్రం టౌనోతో మాట్లాడటం మానేసింది. ఈ రోజు అయిదింటికి ఓస్మో మామూలుగా ఆఫీసు నుంచి బయటపడి, పెళ్ళాం కూతుళ్ళతో స్వీడన్ ఓడ ఎక్కాలి. అవతలి ఒడ్డున చేర్చుకోవడానికే స్టాక్‌హోమ్ ఆయనకి పేరు చెప్పాల్సి వచ్చింది. ప్రస్తుతం ఓస్మో ఆ ముఠావాళ్ళ మధ్యే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఫోన్ చేసి హెచ్చరిస్తే అదే అతన్ని పట్టిస్తుంది. నాలుగింటికి ఆ పేరు వాళ్ళకి చేరితే ఇక అతను కుర్చీలోంచి లేవడు.

"నేనూ వస్తున్నా," అంది పక్క బల్ల దగ్గరి సిగ్రిడ్ ఏకెలుండ్, అప్పటికే కోటు తొడుక్కుంటూ.

సిగ్రిడ్ వీధిలో నడిచిందంటే సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు దారి చూడటం మర్చిపోయేవారు. ఆకుపచ్చ కోటు, ఎర్రటి పెదవులు, ఎవరినీ లెక్కచెయ్యని నడక. ఆఫీసులో టౌనో గీతలకి తుదిరూపం ఇచ్చేది ఆమే. విభాగం పనిలో ఆమెది ఇంకా గడ్డు పాత్ర. ముఠాలో చేరినట్టు నటిస్తూ వాళ్ళ గుట్టు ఇటు చేరవేయడం. అక్కడా జీతం, ఇక్కడా జీతం. రెండుచోట్లా ఆమె తమ మనిషేనని గట్టి నమ్మకం.

"నువ్వెందుకు?" అన్నాడు టౌనో.

"నీ కళ్ళజోడు నంబరు నాకు తెలుసు కాబట్టి. పద, బండి నేను తోలతా. నువ్వు తోలితే నాలుగు దారిలోనే అవుతుంది."

దారంతా అక్టోబరు వాన అద్దం మీద సన్నగా పడుతూనే ఉంది. ఇలాంటి వానలో ఇలాంటి దారుల వెంట ఇలాంటి పనులకి ఎన్నిసార్లు వెళ్ళాడో టౌనో లెక్కపెట్టడం మానేసి చాలా కాలమైంది. ఈసారి భయం వేస్తోంది. తన ప్రాణం మీదికి వచ్చి ఉంటే ఇంత భయం ఉండేది కాదు.

విల్లాలో డైరెక్టర్ ఆర్మస్ పెల్టోలా తువ్వాలు చుట్టుకుని వసారాలో నిలబడి ఉన్నాడు. పక్కన స్టాక్‌హోమ్ అతిథి యోరన్, అతనిదీ తువ్వాలే. ఇద్దరూ ఉడికించిన దుంపల్లా ఎర్రగా ఉన్నారు.

"ఏవయ్యా టౌనో," అన్నాడు డైరెక్టర్ గొంతు తగ్గించి. "పొద్దుటినుంచీ మేం వాగిందంతా ఆ సీలింగులో ఉందా?"

"ఉంది."

"మంత్రిగారి మీద వేసిన జోకులు కూడానా?"

"వాటి సంగతి తర్వాత చూద్దాం ఆర్మస్. గొడ్డలి ఎక్కడుంది?"

ఆవిరిస్నానం సౌనాకి కట్టెలు కొట్టే గొడ్డలి గుమ్మం పక్కనే ఉంది. టౌనో లెక్క సులువే. చెవి ఉన్న మూత ఏదో తెలిస్తే, ఒక్క దెబ్బలో దాని పీక నులమవచ్చు. పంపించే వ్యవధి కూడా దానికి దొరకదు. తప్పు మూతని కొడితే మాత్రం, ఆ దెబ్బతోనే ఓస్మో పని అయిపోతుంది.

నలుగురూ స్నానాల గదిలోకి వెళ్ళారు. తెల్లటి సీలింగు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా నున్నగా. మూత అనేదే కనిపించలేదు.

అదే కదా టౌనో గొప్ప. పళ్ళెమంత మూతని సీలింగులోనే సున్నంతో కలిపేసి, చుట్టూ వెంట్రుకంత సందు వదిలేవాడు. తడి గాలి ఆ సందులోంచి పైకి పోయేది. స్నానం చేసేవాడు తల ఎత్తి చూసినా ఏమీ తెలియకూడదు, గాలి మాత్రం పోవాలి. దానికోసం సగం జీవితం పెట్టాడు. ఇప్పుడు తను చేసిన మూతలు తనకే కనిపించక, మెడ వెనక్కి వాల్చి, సీలింగు కింద గుడ్డివాడిలా నిలబడ్డాడు.

"బ్రహ్మాండంగా చేశావయ్యా," అన్నాడు డైరెక్టర్.

"ఆ టార్చి పట్టుకో. నిటారుగా కాదు, గోడవారగా పట్టు."

వెలుతురు ఏటవాలుగా పడితే సందులు దారప్పోగుల్లా తేలాయి. ఒకటి, రెండు, మూడు. ఆరూ దొరికాయి. అన్నీ అచ్చు ఒక్కలాగే ఉన్నాయి.

యోరన్ గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

"మూడోది," అంది సిగ్రిడ్ మెల్లగా. ఆమె కళ్ళు మూసుకుని చెవి పైకి పెట్టి నిలబడి ఉంది. "షవరు పైన ఉన్నది. మిగతావాటికన్నా దాని ఊపిరి సన్నగా ఉంది. విను."

టౌనో విన్నాడు. అతని చెవులకి ఆరూ ఒక్కలాగే ఉన్నాయి. కానీ సిగ్రిడ్ చెవి గట్టిది. ఆఫీసులో ఏ ఫ్యాను బేరింగు పోయిందో మెట్లమీదినుంచే చెప్పేది.

"ఖాయమేనా?"

"నేనెప్పుడైనా తప్పు చెప్పానా?"

చెప్పలేదు. టౌనో బల్ల ఎక్కాడు, మోకాళ్ళు కలుక్కుమన్నాయి. గొడ్డలి మడమని, వెనక మొద్దు వైపుని, సీలింగుకి ఎదురుగా తిప్పి పట్టుకున్నాడు. డైరెక్టర్ టార్చిని ఇంకో చేతికి మార్చుకుంటే, వెలుతురు ఇంకా వాలుగా జారింది. అప్పుడు కనిపించింది మూత చుట్టూ పల్చటి బూడిదరంగు మచ్చ.

టౌనో చేయి ఆగిపోయింది.

ఆ మచ్చ అతని జీవితానికి పట్టిన అవమానం. గాలి సీలింగును రాసుకుంటూ సందులోకి పోయేటప్పుడు దుమ్మంతా అక్కడే వదిలేసి పోయేది. కొన్ని నెలలకి చుట్టూ బూడిదరంగు వలయం తేలేది. కస్టమర్లు తిట్టేవారు. క్యాటలాగు ఫొటోలు తీసే ముందు సీలింగుకి మళ్ళీ రంగు వేయించేవారు. అంచు వంచి చూశాడు, సందు మార్చి చూశాడు, ఎన్ని చేసినా ఆ మచ్చ పోలేదు.

"ఇది నాదే," అన్నాడు.

"ఏంటి ఆగావు?" అంది సిగ్రిడ్. "టైమవుతోంది."

టౌనో బల్ల దిగి టార్చి లాక్కున్నాడు. మొదటిదానికి మచ్చ ఉంది, రెండోదానికీ ఉంది. నాలుగు, అయిదు, వాటికీ ఉంది. బట్టలు విప్పే బెంచీ పైన ఉన్న ఆరో మూత దగ్గర ఆగాడు. చుట్టూ పాల మీగడలా తెలుపు, నలక లేదు.

"పనావిడ తుడిచి ఉంటుంది," అంది సిగ్రిడ్.

"ఒక్కదాన్నే తుడిచిందా?"

సిగ్రిడ్ గడియారం వైపు చూసింది.

టౌనోకి అప్పుడు రెండు సంగతులు ఒక్కసారే అర్థమయ్యాయి. ఒకటి, దొంగ మూత ఇదే. రెండు, తనవల్ల కాని పనిని ఎవరో చేసి చూపించారు. తన గీతలు కంఠతా వచ్చి, తనకన్నా బాగా గీయగల మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి ఆకుపచ్చ కోటు వేసుకుని పక్కనే నిలబడి ఉంది. రెండో సంగతికి మొదటిదానికన్నా ఎక్కువ నొప్పి కలిగింది.

"టౌనో," అని సిగ్రిడ్ అతని మోచెయ్యి పట్టుకుంది. "పొరపాటు పడుతున్నావ్. నీ కొరమీను చచ్చిపోతాడు."

"చెయ్యి తీయ్ సిగ్రిడ్."

గోడ గడియారం ముల్లు నాలుగు మీదికి ఎక్కుతోంది. యోరన్ ఆమెని రెండు చేతులా వెనక్కి లాగాడు, ఆ లాగుడులో ఆయన తువ్వాలు జారిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. టౌనో బెంచీ ఎక్కి గొడ్డలి మడమతో ఆరో మూతని ఒక్క పోటు పొడిచాడు. సున్నం, రేకు, తీగలు అతని ముఖం మీద రాలాయి. వాటితోపాటు అగ్గిపెట్టెంత నల్లటి పెట్టె బెంచీ మీద పడి చితికింది. అందులో ఎర్రదీపం ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది.

నాలుగైంది.

డైరెక్టర్ వసారాలో ఫోన్లు వదిలేసే బుట్టలోంచి తన ఫోన్ తీసి తైమికి చేశాడు. ఆమె చుట్టుపక్కల రేడియో తరంగాలన్నీ వింటున్న వాళ్ళని అడిగింది. "సిగ్నల్ ఏదీ పోలేదు సార్," అంది. టౌనోకి మాత్రం నమ్మకం కుదరలేదు. అయిదు దాటాక కోత్కా నుంచి ఇంకో కబురు వచ్చింది. ఓస్మో గొడుగు మర్చిపోయి, వానలో తడుస్తూ ఆఫీసు బయటికి వచ్చాడట. అప్పుడు టౌనో బెంచీ మీద కూలబడ్డాడు.

అవతలి చివర చేతులకి బేడీలతో సిగ్రిడ్ కూర్చుని ఉంది.

"దుమ్ము ఎలా పోగొట్టావ్?" అని అడిగాడు టౌనో.

"అందరూ ఎందుకు అమ్ముడుపోయావని అడుగుతారు."

"వాళ్ళు అడుగుతార్లే. నేను ఇది అడుగుతున్నా."

ఆమె నవ్వింది, నవ్వులో ఓపిక లేదు. "అంచుని లోపలికి కాదు, కిందికి వంచాలి. గాలి సీలింగును తాకకుండానే పోతుంది. నీకు రెండేళ్ళ కిందటే చెప్పాను. తర్వాత చూద్దాం అన్నావ్. డైరెక్టర్‌కి చెప్పా, బాత్రూమ్ సంగతులు నాకెందుకమ్మా అన్నాడు. కనిపించకుండా గీయడం, కనిపించకుండా బతకడం. విసుగొచ్చేసింది టౌనో. వాళ్ళకి చూపించాను. వాళ్ళు బల్ల మీద పెట్టి, చుట్టూ తిరిగి చూసి, ఎంత బాగుందో అన్నారు."

"ఓస్మోకి ఇద్దరు కూతుళ్ళు."

"తెలుసు." ఆమె తల వంచుకుంది. "అది మాత్రం తలుచుకోకుండా గీశాను."

టౌనోకి కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ నిలబెట్టుకునే శక్తి లేకపోయింది. కింద పడ్డ మూత ముక్కని చేతిలోకి తీసుకుని అంచు మీద బొటనవేలు నడిపాడు.

"బాగుంది," అన్నాడు. "నిజంగానే బాగుంది సిగ్రిడ్. ఆ రోజు చెప్పాల్సింది."

ఆమెని తీసుకెళ్ళిపోయారు. డైరెక్టర్ ఉప్పు చేప, రై రొట్టె తెచ్చి ముందు పెట్టాడు. టౌనో తినలేకపోయాడు.

తర్వాత వారం సున్నం కోడ్ లేకుండానే ఫోన్ మోగింది. స్వీడన్‌లో రహస్యంగా ఉంచిన ఇంటినుంచి ఓస్మో. థాంక్స్ చెబుతాడేమో అనుకున్నాడు టౌనో.

"ఈ బాత్రూమ్‌లో గాలి పోయే దారే లేదయ్యా," అన్నాడు ఓస్మో. "సీలింగంతా వెతికాను. అద్దం మీద ఆవిరి మాత్రం పోతోంది. ఎలా పోతోంది? పైన ఏదో ఉంది. వచ్చినప్పటినుంచీ నేను అందులో స్నానం చెయ్యలేదు. పిల్లల్ని కూడా అక్కడ మాట్లాడొద్దన్నాను. మా ఆవిడ నన్ను వరండాలో పడుకోమంటోంది."

టౌనో కళ్ళు మూసుకున్నాడు. "అది మా కంపెనీ మూతే ఓస్మో. స్వీడన్‌కి కూడా అమ్ముతాం."

"నువ్వంటే నమ్ముతాను. దాన్నెలా నమ్మేది?"

"టాయిలెట్ పేపరు ముక్క చింపి, చీపురు కర్ర చివర పెట్టి పైకి ఎత్తు. గాలి పీలిస్తే అతుక్కుంటుంది. అతుక్కుంటే అది మంచి ఎగ్జాస్టు."

ఫోన్ బల్లమీద పెట్టిన చప్పుడు, స్టూలు ఈడ్చిన చప్పుడు. కాసేపటికి ఓస్మో గొంతు దూరంనుంచి వినిపించింది, చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"అతుక్కుంది టౌనో. అతుక్కునే ఉంది."

"అయితే స్నానం చెయ్యి. నిన్ను బతికించుకుంది ఈ కంపు భరించడానికి కాదు."

ఓస్మో నవ్వాడు. షవరు తిప్పిన చప్పుడు వినిపించింది, ఆ చప్పుడులోనే కూతుర్ని పేరు పెట్టి తువ్వాలు తెమ్మని కేకేశాడు. టౌనో ఫోన్ పెట్టకుండా కాసేపు వింటూ కూర్చున్నాడు. విల్లాలో సిగ్రిడ్ గీసిన ఆ ఆరో మూత కూడా కాగితాన్ని శుభ్రంగా పట్టుకునేదని చెప్పడం అతనికి అవసరం అనిపించలేదు.