సరస్సు మీద రెండు కొలతలు

“తూవా వాడే గ్రావిటీ మీటర్ ఎక్కడో దెబ్బ తిన్నట్టుంది” అని ఎస్కిల్ కంపెనీ మీటింగులో అందరి ముందూ అనేశాడు.

తూవా చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద కాస్త గట్టిగానే దిగింది.

కిరునా ఊరికి ఉత్తరాన ఉన్న సరస్సు కింద ఇనుప ఖనిజం ఎంత ఉందో తేల్చడం వాళ్ళిద్దరి పని. అతను అయస్కాంత బలం కొలుస్తాడు, ఆమె గురుత్వ బలం. గట్టి ఖనిజం అయస్కాంతాన్నీ లాగుతుంది, బరువుగానూ ఉంటుంది. కాబట్టి రెండు మ్యాపులూ ఒకే చోట ఉబ్బాలి. ఎస్కిల్ మ్యాపులో సరస్సు కింద కొండంత ఉబ్బు. తూవా మ్యాపులో ఏమీ లేదు.

కంపెనీ పెద్ద ఫోల్కేకి కొండే కావాలి. శుక్రవారం ఊరి సభలో దాన్ని చూపిస్తే గనికి దారి పడుతుంది. సరస్సును తోడేస్తారు, ఆ ఒడ్డున రెయిన్‌డీర్లు మేపుకునేవాళ్ళు వేరే చోటు వెతుక్కోవాలి. అయస్కాంతం మ్యాపు ఒక్కటీ చాలన్నాడు ఫోల్కే.

తూవా ఎస్కిల్‌ని గుమ్మం బయట నిలేసింది. చలికాలమంతా ఆమె మీటర్ చూస్తున్నప్పుడు అడుగుల అదురు తగలకూడదని ఊపిరి బిగబట్టి గుంజలా నిలబడ్డవాడు ఇతనే. అతన్ని చూసి నవ్వాపుకోలేక ఆమె ఎన్ని కొలతలు పాడుచేసుకుందో!

“అనుమానమన్నాను, అంతేగా” అన్నాడు.

“అందరి ముందూ అంటే అది అనుమానం కాదు, మచ్చ. రేపు మళ్ళీ కొలుద్దాం, పద.”

మర్నాటికి సరస్సు మీద గడ్డకట్టిన మంచు అక్కడక్కడ పలచబడి బూడిదరంగుకి తిరిగింది. తూవా మెడలో ఉక్కు మేకుల పిడులు వేసుకుంది. నీళ్ళలో పడితే మంచుకి గుచ్చి పైకి పాకడానికి అవే ఆధారం. ఇంకో జత ఎస్కిల్‌కి ఇస్తే వద్దన్నాడు. ఉక్కు దగ్గరుంటే అయస్కాంతం కొలత చెడుతుందట.

“మునిగితే నీ కొలత వచ్చి లాగుతుందా?” అంది. అతను వినలేదు.

సరస్సు మధ్య రాతి దిబ్బ మీద ఆమె మీటర్ పెట్టింది. అంకె మారలేదు, అదే పాత అంకె. పిలుద్దామని తలెత్తేసరికి మంచు మూలిగింది. ఎస్కిల్ ఛాతీ దాకా నీళ్ళలో ఉన్నాడు.

తూవా బోర్లా పడుకుని పాకింది. ఒళ్ళు కింద మంచు పటపటమంటోంది. మెడలోని పిడులు తీసి అతని వైపు జార్చింది.

“గుచ్చు. కాళ్ళు ఆడించు. నన్ను చూడకు, చేతులు చూసుకో.”

మొదటిసారి గుచ్చితే మంచు విరిగింది. రెండోసారి ఆగింది. అతని కాలరు చేతికందాక ఆమె మళ్ళీ వదల్లేదు.

ఒడ్డున గుడిసెలో పొయ్యి రాజేసి, తడి బట్టలు లాగేసి, దుప్పటి చుట్టింది. పళ్ళు టకటకలాడుతుండగానే ఎస్కిల్ చెప్పేశాడు. ఆమె మీటర్‌కి ఏమీ కాలేదని అతనికి ముందే తెలుసు. లెక్క కట్టి చూశాడు. కింద ఉన్నది మామూలు రాయే, అందులో అయస్కాంతపు రజను చల్లినట్టుంది, అంతే.

“మరి ఎందుకన్నావు?”

“పని అయిపోతే నువ్వు రైలెక్కి ఉప్సలా వెళ్ళిపోతావు. మళ్ళీ కొలవాల్సొస్తే ఇంకొన్నాళ్ళు ఉంటావనుకున్నాను. నా మాట పట్టుకుని ఫోల్కే ఇంత చేస్తాడనుకోలేదు.”

తూవా పొయ్యిలోకి ఇంకో కట్టె విసిరేసింది.

“ఉండమని ఒక్క మాట అడిగుంటే ఉండేదాన్ని. నా పని మీద బురద జల్లావు. దాన్ని అందరి ముందూ కడుగు, తర్వాత చూద్దాం.”

శుక్రవారం సభలో ఫోల్కే మ్యాపు చూపిస్తుంటే ఎస్కిల్ లేచి నిలబడ్డాడు. తూవా కొలతే సరైనదనీ, తను కావాలనే తప్పు చెప్పాననీ, అక్కడ గనికి తగ్గ ఖనిజం లేదనీ చెప్పాడు. వెనక వరసలోని రెయిన్‌డీర్ల కాపరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోల్కే అక్కడికక్కడే అతన్ని పనిలోంచి తీసేశాడు.

తూవా ఎక్కిన ఉప్సలా రైలు కదలబోతుండగా ఎస్కిల్ ఆయాసపడుతూ పెట్టెలోకి ఎక్కాడు.

“ఉండమని అడగడానికి ఆలస్యమైపోయింది. అందుకని నేనే వచ్చేస్తున్నాను. నువ్వంటే నాకు ప్రాణం, తూవా. దిగమంటే దిగుతాను.”

ఆమె పక్క సీటు మీది సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“బోడెన్ స్టేషన్ దాకా నాతో మాట్లాడకు. ఇంకా కోపంగానే ఉన్నాను.”

అతను బుద్ధిగా కూర్చున్నాడు. బోడెన్ ఇంకా చాలా దూరం ఉండగానే, గెల్లివారే స్టేషన్ కూడా రాకముందే ఆమే మాట్లాడింది.