వెనక్కి తిప్పే మార్గం: లేదు

మా ఆవిడతో (పెళ్లయి ఇరవై రెండు రోజులే, ఆ మాట అనడం నాకింకా సరదాగానే ఉంది) నా పరిచయం గొడవతో మొదలైంది.

ఆ మధ్యాహ్నం మా ఆఫీసు పెద్ద కంప్యూటర్ మెయిన్‌ఫ్రేమ్‌లో పనులు బారులు తీరాయి. ఒకేసారి ఎన్ని పనులు నడవాలన్న పరిమితిని పెంచాలి. మెషిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేద్దామన్నాను. దానికి కమాండ్లిచ్చే కన్సోల్ ముందున్న కొత్త ఆపరేటర్ కుర్చీలోంచి కదల్లేదు.

"ఆపక్కర్లేదండీ. ఒక్క కమాండ్ చాలు."

"తేడా వస్తే?"

"పూచీ నాది. మీరు పైకి చదవండి."

మా గదిలో రూలది. ఒకరు టైప్ చేసింది ఇంకొకరు పైకి చదివాకే ఎంటర్ నొక్కాలి. ఆమె వైపు చూస్తూ ఒక అంకె మింగేశాను. మళ్లీ మొదటినుంచి చదివించింది. మెషిన్ ఆగకుండానే బారు కరిగిపోయింది. నా బింకం కూడా.

కమాండ్‌తో చేసిన మార్పు మెషిన్ మళ్లీ స్టార్టయ్యేదాకానే ఉంటుంది. ఆ తర్వాతా నిలవాలంటే స్టార్టప్ ఫైల్లో రాయాలి. అది నా పని. ఆమె నవ్వు తలుచుకుంటూ ఇంటికెళ్లి, ఆ సంగతే మర్చిపోయాను.

ఆదివారం మెషిన్ రీస్టార్టయింది. సోమవారానికి పాత పరిమితి దర్జాగా వచ్చి కూర్చుంది, పనులు మళ్లీ బారులు తీరాయి. తప్పు ఆమె కమాండ్‌దే అనుకుని, ఇకమీదట కమాండ్లు ఇవ్వొద్దని మేనేజర్ ఆమెతో చెబుతుంటే తలుపు దగ్గర నిలబడి విన్నాను. తప్పు నాదని తెలిసీ ఆమె నా ఊసెత్తలేదు. లోపలికెళ్లి, ఫైల్లో రాయనిది నేనేనని చెప్పాను. ఆయన నన్ను ఉతికి ఆరేసి, కన్సోల్ ఆమెకు తిరిగి అప్పగించారు.

బయటికొచ్చాక, ఇంకెప్పటికీ ఈ ధైర్యం రాదేమోనని, ఇష్టమని చెప్పేశాను.

ఆమె కన్సోల్ వైపు నడుస్తూనే అంది. "నోటిమాట మీకెన్నాళ్లు గుర్తుంటుందో చూశాంగా. రాసి తెండి. నాన్న సంతకం కావాలి."

రాసుకెళ్లాను, ఆఫీసులో మార్పులు కోరే ఫారం మీదే. ఇప్పటి స్థితి: ఒంటరి. కోరే మార్పు: పెళ్లి. రిటైరైన రైలు డ్రైవరు వాళ్ల నాన్న. కళ్లజోడు పెట్టుకుని ప్రతి గడీ చదివి, మార్పు బెడిసికొడితే పాత స్థితికి ఎలా తేవాలో రాసే చివరి గడిమీద వేలుంచారు.

"వెనక్కి తిప్పే మార్గం దగ్గర 'లేదు' అని రాశావేం బాబూ?"

"ఆలోచించే రాశానండీ."

ఆయన పెన్ను మూత తీశారు. అంతలో లోపలిగదిలోంచి ఆమె వచ్చింది.

"ఆగు నాన్నా. ముందు ఆయన పైకి చదవాలి."

చదివాను, కాగితం వైపు చూడకుండా. ఈసారి ఒక్క అక్షరం మింగలేదు.