నిలకడ ద్వారం

సముద్రం మధ్య ఉక్కు దీవి మీంచి నింగిమోకు నిటారుగా పైకి పోయి, కంటికి ఆననంత సన్నమైపోయింది. దాన్ని పట్టుకుని లిఫ్టులు అంతరిక్షానికి పాకడం మొదలై ఒక తరం గడిచింది. ఆ దీవిలో పుట్టిన పిల్లలు దాన్ని చూడ్డానికి తల కూడా ఎత్తరు. డాక్టర్ ఇందుమతి మాత్రం నోరు తెరుచుకుని చూస్తోంది. ఇవాళే ఆమె మొదటిసారి పైకి వెళ్లడం.

లిఫ్టు ముందున్న నిలకడ ద్వారం ఆమె కనిపెట్టిందే. అంతకుముందు డ్యూటీకి వచ్చేవాళ్ల ఊపిరీ రక్తమూ పరీక్షించి, మందో మత్తుబిళ్లో ఉందేమోనని వెతికేవారు. పరీక్ష తాడిని తన్నేదైతే, కొత్తగా వచ్చే బిళ్ల దాని తల తన్నేది. "ఏం మింగాడని కాదు, ఎలా ఉన్నాడని చూద్దాం" అంది ఇందుమతి. కనుపాప కదలిక, గుండె లయ, వేలికొసల వణుకు అన్నీ గడప దాటేలోపే ద్వారం చదివేస్తుంది. నిలకడ ఉంటే పచ్చదీపం, లేకుంటే ఎర్రదీపం. పెట్టిన నాటినుంచీ లిఫ్టు సిబ్బందిలో ఒక్కరికీ ఎర్రదీపం వెలగలేదు. ఇప్పుడు పైన స్టేషన్‌లో దేశదేశాల ప్రతినిధులు కూర్చున్నారు. ఆమె వెళ్లి ఒప్పిస్తే ప్రతి విమానానికీ, ప్రతి రైలుకీ ఇదే ద్వారం.

ఆమె గడప మీద కాలు పెట్టింది. ఎర్రదీపం వెలిగింది.

"క్షమించాలి. మీరు మత్తులో ఉన్నారు" అంది ద్వారం మర్యాదగా.

"నేనా? పొద్దున్నుంచి కాఫీ కూడా తాగలేదు!"

"గుండె దడ. చేతుల్లో వణుకు. చూపు పైనే నిలిచిపోతోంది. లోపలికి పంపలేను."

వెనకాల నిలబడ్డ లిఫ్టు కెప్టెన్ బాలేశ్వర్ గౌడ్ నవ్వాపుకున్నాడు. "భయమైతుందా మేడం?"

"భయం కాదండీ. ఈ మోకుని మనుషులు కట్టారంటే నమ్మలేకపోతున్నాను. ఒళ్లు పులకరిస్తోంది."

"నాకు రోజూ గట్లనే అయితది. మబ్బులు దాటినంక భూమి గుండ్రంగ కనవడుతది సూడుండ్రి, కండ్లల్ల నీళ్లొస్తయి."

"మరి మీకు ఏనాడూ ఎర్రదీపం రాలేదే?"

గౌడ్ అటూ ఇటూ చూసి, జేబులోంచి చిన్న సీసా తీశాడు. "అందరం ఒక గుటకేసుకునే వస్తం మేడం. చెయ్యి వణకదు, గుండె ఉరకదు. మీ తలుపు ఒప్పుకోవాలె గద!"

ఇందుమతి ముందుకు వంగి సీసా వాసన చూసింది. మందే.

"మా తాత తాళ్లు గీసేటోడు" అన్నాడు గౌడ్, సిగ్గుపడుతూనే. "కల్లు నడుమనే బతుకు. అయినా చెట్టెక్కేముందు సుక్క ముట్టకపోతుండె. నడుముకు కట్టే మోకుకు దండం వెట్టి, 'గుండె దడదడలాడాలె బిడ్డా, అప్పుడే పట్టు గట్టిగుంటది' అంటుండె. ఆయనొస్తే మీ తలుపు ఎన్కకే పంపుతది."

లిఫ్టు మొదటి గంట మోగింది. ఉన్నమాట చెప్పాలన్నా ముందు పైకి వెళ్లాలి కదా అని ఇందుమతి తనకు తానే నచ్చజెప్పుకుంది. సీసా అందుకుంది. గొంతు మండింది. కాసేపటికి చేతులు కుదుటపడ్డాయి.

ఆమె మళ్లీ గడప మీద కాలు పెట్టింది. పచ్చదీపం వెలిగింది.

"అభినందనలు. మీరు ఏ మత్తులోనూ లేరు."

ఇందుమతి తలెత్తి నింగిమోకును చూసింది. అది మామూలు తాడులాగే ఉంది.