జహ్వా పాడిన రెండో చరణం

ఓరాన్ రేవు పట్నంలో, మా సీదీ ఎల్ హువారీ పేటలో, రేవు వైపు దిగే వాలులో మూతబడిన పాటల స్టూడియో ఒకటి ఉంది. మొన్నమొన్నటిదాకా చీకటి పడ్డాక ఆ పక్కన ఎవరూ నడిచేవారు కాదు. ఎదురుగా మురుగు పారుతున్నా సరే, అటు దాటి పోయేవారు.

ముప్పై ఏళ్ల కింద, పాట పాపమని పాడేవాళ్లను కూడా కాల్చి చంపిన పాడు రోజుల్లో, జహ్వా అనే గాయని ఒక సాయంత్రం పాట రికార్డు చేయడానికి లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు. శవమూ దొరకలేదు.

ఎనిమిదేళ్ల పాటు, గురువారం రాత్రుళ్లు లోపల ఆడగొంతు వినిపించేది. టాక్సీ నడిపే ఖద్దూర్ ఒకసారి ఆగి విన్నాడు. మూడు రోజులు జ్వరం.

ఆ పక్కనే నా క్షౌరశాల. స్టూడియో వారసులు ఫ్రాన్స్‌లోని మార్సెయిల్లో ఉంటారు, తాళం నా దగ్గరే పెట్టారు. అందుకే లొత్ఫీ నా దగ్గరికి వచ్చాడు.

లొత్ఫీ పని పాత పాటలకు కొత్త ఊపిరి పోయడం. సంతలో బూజుపట్టిన క్యాసెట్లు ఏరుకొచ్చి, ఆ గొంతుల కింద ఇప్పటి దరువులు వేసి, కుర్రకారు చేత చిందులేయిస్తాడు. అలా ఒక క్యాసెట్‌లో జహ్వా పాట దొరికింది. పల్లవి, ఒక్క చరణం. అంతే... తర్వాత టేపు ఖాళీ.

"ఈ పాట ఫోన్లో కాస్త వదిలానో లేదో, ఊరంతా అదే బాబాయ్," అన్నాడు. "కానీ నేను వేసిన దరువు ఒకచోట, ఆవిడ గొంతు ఒకచోట. అతకడం లేదు. ఆవిడ పాడింది ఆ లోపలి సిమెంటు గదిలో. ఆ గది మార్మోత మిషన్లో రాదు. నా పాటనూ ఆ గదిలోనే మోగించి పట్టుకోవాలి."

"పగలు వెళ్లు."

"పగలు వీధిలో మోటారు సైకిళ్ల మోత. రాత్రే వెళ్లాలి."

"ఇవాళ గురువారం రా."

నవ్వాడు. తాళం ఇచ్చాను. ఇచ్చినందుకు ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. తెల్లవారక ముందే వాడు మా తలుపు కొట్టి, కాఫీ తాగుతూ చెప్పింది ఇదీ.

గదిలో స్పీకర్లు పెట్టాడు. మైకు పెట్టాడు. దీపం ఆర్పేశాడు – దాని గుయ్యిమనే చప్పుడు కూడా పడకూడదని. పాట మోగించాడు.

సిమెంటు గోడల మధ్య జహ్వా గొంతు లేచింది.

*రేవు దీపం ఆరలేదు, నీవు ఎక్కిన ఓడ రాలేదు...*

చరణం అయిపోయింది. దరువు ఒక్కటే సాగుతోంది. అప్పుడు... చీకట్లోంచి, మూల నుంచి, అదే వరసలో –

*వచ్చినా నన్నడగొద్దు, ఆ పేరు ఇక్కడ ఎవరికీ లేదు...*

టేపులో లేని చరణం. ఎవరూ వినని చరణం.

లొత్ఫీ వేళ్లు మీట మీదే బిగుసుకుపోయాయి. గొంతు దగ్గరికొస్తోంది... దగ్గరికి... చెప్పుల చప్పుడు కూడా.

దెయ్యాలకు చెప్పులుంటాయా?

"అరవకు నాయనా," అంది గుసగుసగా. "చుట్టుపక్కలవాళ్లు లేస్తారు."

ఫోన్ వెలుగు వేశాడు. తెల్లటి దుప్పటి కప్పుకున్న ముసలావిడ. చేతిలో వెనక తలుపు తాళంచెవి.

"మీరు... ఎవరమ్మా?"

"నువ్వు ఇంతసేపూ పాడించిన పిల్లనే."

ఆవిడ అసలు పేరు యమీనా. ఆ రోజుల్లో ఒక మంచి కుటుంబం అబ్బాయి మనసు పడ్డాడు. పాటలు పాడే ఆడదాన్ని వాళ్లింట్లో కోడలిగా రానివ్వరు. పైగా ఆమె పేర బెదిరింపు కాగితాలు వస్తున్నాయి. జహ్వా చస్తే యమీనా బతుకుతుంది, కాపురమూ దొరుకుతుంది. స్టూడియో యజమాని ఊళ్లో పుకారు పుట్టించాడు, ఆమె వెనక తలుపులోంచి వెళ్లిపోయింది, ఆ తాళంచెవి ఆమె దగ్గరే ఉండిపోయింది.

"మా ఆయన మంచివాడే," అంది. "పాడొద్దని మాత్రం ఒట్టు వేయించుకున్నాడు. ఆయన బతికినన్నాళ్లూ తప్పలేదు. ఎనిమిదేళ్ల కింద పోయాడు. మా అబ్బాయి లఖ్దర్‌కు గురువారం రేవులో రాత్రి డ్యూటీ. అప్పుడు వస్తాను."

"మీ అబ్బాయికి తెలియదా?"

ఆవిడ దుప్పటి సర్దుకుంది.

"మొన్న నీ పాట వింటున్నాడు. మళ్లీ మళ్లీ పెట్టాడు. 'పాపం, ఏం గొంతమ్మా, ఏ తల్లి కన్నదో, ఆమెను అల్లా కరుణించాలి' అన్నాడు. నేను పక్కనే బఠాణీలు వలుస్తున్నాను. 'ఆమీన్' అన్నాను."

లొత్ఫీ బతిమాలాడు. ఆ చరణం పాడించుకున్నాడు. అప్పటి గొంతు, ఇప్పటి గొంతు, మధ్యలో తన దరువు – మూడూ ఆ గదిలో ఒక్కటయ్యాయి. ఇన్నాళ్లూ వెతుకుతున్న అతుకు అప్పుడు పడిందట. హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు పెట్టి వినిపించాడు.

ఆవిడ చివరిదాకా విన్నది. కన్నీళ్లు తుడుచుకోలేదు.

"బాగుంది. ఆ ముసలిదాన్ని తీసెయ్."

"అమ్మా, పాటకు ప్రాణమే అది."

"జనం ఏడ్చేది చచ్చిపోయిన పిల్ల కోసం. బతికుందని తెలిస్తే ఎవరేడుస్తారు? మా వాడు ఆమెకు దువా చేస్తున్నాడు నాయనా. ఆ దువా నా చేతులారా ఆపలేను. ఇంకెవరికీ వినిపించనని ఒట్టు పెట్టు."

పెట్టాడు. నా దగ్గర ఏడ్చాడు, కానీ మాట తప్పలేదు. ఒక్క చరణంతోనే పాట వచ్చింది. పెళ్లిళ్లలో, టాక్సీల్లో, ఫ్రాన్స్‌లో కూడా మోగింది. "ఏదో వెలితిగా ఉంది, అదే అందం," అన్నారు జనం.

ఆ చలికాలమే యమీనా పోయింది. స్టూడియోలో గొంతు ఆగిపోయింది. ఖద్దూర్ ఇప్పుడు టాక్సీ ఆ గోడ కిందే పెడుతున్నాడు.

తల్లి పోయిన నలభై రోజులు దాటాక లఖ్దర్ నా దగ్గరికి గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. రేడియోలో ఆ పాటే వస్తోంది. ఆపబోయాను.

"ఉండనీ బాబాయ్," అన్నాడు. "మా అమ్మ అసలు పాటలే వినేది కాదు. కానీ గిన్నెలు కడిగేటప్పుడు ఇదే వరస లోపల్లోపల అనేది. మాటలు వేరు. ఏమిటమ్మా అది అంటే, ఏం లేదు, పని చూసుకో అనేది." రేడియో వైపు చూశాడు. "నువ్వు పాతవాడివి కదా, ఈ జహ్వాను చూశావా ఎప్పుడైనా?"

"చూశాను."

"ఎలా ఉండేది?"

గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాను. అద్దంలో అవే కళ్లు, అదే నుదురు... నన్నే చూస్తూ జవాబు కోసం.

"కళ్లు మూసుకో నాయనా," అన్నాను. "సబ్బు పడుతుంది."